మెత్తగా మోగే చిడతలు

అక్టోబర్ 4, ఆదివారం

ఇవాళ పబ్బు నడిపే డినీ నన్ను మెచ్చుకున్నాడు. ఎక్కడో ఏదో తేడా కొడుతోంది.

మామూలు మెచ్చుకోలు కాదు. పబ్బు నిండా జనం ఉండగా, బల్లలు తుడిచే గుడ్డ భుజాన వేసుకుని నా ముందుకొచ్చి, "నోనీ, ఇవాళ నీ చిడతలు అదిరిపోయాయి తల్లీ" అన్నాడు. ఈ డినీయే ఇన్నేళ్లూ నా ఎముక చిడతల గురించి ఏమేం అన్నాడో నేను మరిచిపోలేదు. కోళ్లగూడు తలుపు ఊడి కొట్టుకుంటోందన్నాడు. అస్థిపంజరం మెట్ల మీంచి దొర్లిందన్నాడు. ఒక క్రిస్మస్‌కి, నా కుర్చీ పెరట్లో గాడిద పక్కన వేస్తే ఇద్దరికీ కాలక్షేపమన్నాడు. మా కెర్రీ జిల్లా ఉత్తరపు వైపు మనిషి మీద ప్రేమ ఉంటే అలాగే మాట్లాడతారు. మొహం మీద మెచ్చుకున్నారంటే ఆ మనిషికి పెద్ద జబ్బైనా చేసి ఉండాలి, వెనకాల గొయ్యైనా తవ్వుతుండాలి. నాకు జబ్బేమీ లేదు.

నా కుర్చీలో ఎవరో దిండు కూడా వేశారు. అకార్డియన్ వాయించే థేడీ, నేను చిడతలు తీయగానే టోపీని నా వైపు చెవి మీదికి లాక్కునేవాడు. ఇవాళ లాక్కోలేదు. పైగా "ఇంకాస్త గట్టిగా కానీ నోనీ, వెనక బల్లలకి అందడం లేదు" అన్నాడు. వెనక బల్లలకేమిటి, నదవతల ఊరికి కూడా అందుతుంది.

కిటికీ కింద ఒకప్పుడు నాన్న కూర్చున్న చోట తమ్ముడు మొస్సీ కూర్చున్నాడు, నాన్న ఫిడేలు పట్టుకుని. వాడి కుడిపక్క నేను. ఎడమపక్క, మొన్న వసంతం నుంచీ, ఆ అట్రాక్టా. ఉత్తరాన స్లైగో నుంచి వచ్చిన మనిషి. భర్త పోయాక ఆయన సొంతూరని ఇక్కడ ఇల్లు తెరిచింది. ఆవిడా ఫిడేలే. ఇవాళ నన్ను చూసి రెండుసార్లు నవ్వింది.

నేను నవ్వలేదు.

అక్టోబర్ 7, బుధవారం

మొస్సీ మళ్లీ ఆవిడింటికి వెళ్లాడు. నాన్న వరసలు నేర్పడానికట. గడ్డం గీసుకుని, చెంప కోసుకుని, దానిమీద కాగితం ముక్క అంటించుకుని మరీ వెళ్లాడు. కుడిచెయ్యి కోటు జేబులోంచి తీయడం లేదు. ఈ మధ్య ఎప్పుడు చూసినా ఆ చెయ్యి జేబులోనే ఉంటోంది. ఆ జేబులో ఉంగరమైనా ఉండాలి, లేదా ఇంకేదైనా. నేను అడగను. అడిగితే చెప్పే రకం కాదు మా ఇంట్లో ఎవరూ.

అక్టోబర్ 9, శుక్రవారం

మొస్సీ నల్ల ప్యాంటు ఉతకడానికి తీశాను. మోకాళ్ల మీద తెల్ల పొడి లేదు.

తీగ పలకాలని కమాను వెంట్రుకలకి పట్టించే గుగ్గిలం పొడి. వాడు ఫిడేలు పట్టిన నాటి నుంచీ ప్రతి వారం బ్రష్ పెట్టి దులుపుతూనే ఉన్నాను, తిట్టుకుంటూనే ఉన్నాను. ఇవాళ దులపడానికి ఏమీ లేదు. అంటే ఇంకెవరో దులుపుతున్నారన్నమాట. మగవాడి ప్యాంటు మోకాళ్లు దులిపేంత చనువు!

అక్టోబర్ 11, ఆదివారం

డబ్లిన్ నుంచి ఫియాక్రా అని ఒకాయన వచ్చాడు. పాత వరసలన్నీ టేపు మీదికి ఎక్కించి భద్రపరుస్తాడట. నాన్న స్లైడ్ వరసలు, అదే చిందుకి వాయించేవి, చివర్లో నాన్న వేసే విరుపుతో సహా, ఇప్పుడు మొస్సీ చేతిలో తప్ప ఎక్కడా లేవట. ఆయన అనేదాకా ఆ సంగతి నాకు తట్టనే లేదు. మనసులో గర్వంగా అనిపించింది.

ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. వాయిద్యాలు ఆగాక నా దగ్గరికొచ్చి వంగి, ఎంతో మర్యాదగా, "అమ్మా, మీ వాయింపు భలేగా ఉంది. కానీ మీరు మొదలుపెడితే మీ తమ్ముడి ఫిడేలు బొత్తిగా వినపడ్డం లేదు. నవంబర్ నాలుగో ఆదివారం మెషీన్ తీసుకొస్తాను. ఆ ఒక్క పూటకి మెత్తగా మోగే జత ఏదైనా తెచ్చుకుంటారా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే పబ్బంతా లేచింది.

"మెత్తగానా? ఆ మాట మళ్లీ అనకు బాబూ" అన్నాడు డినీ. "ఆ చిడతలు వాళ్ల నాన్న చేసినవి. సిల్కీ అని వాళ్ల ఆవు, దాని పక్కటెముకలు. వేరేవి ముట్టుకుంటే ఆయన సమాధిలోంచి లేచొస్తాడు."

"నోనీ చప్పుడు లేకపోతే నాకు తాళం తప్పుతుంది" అన్నాడు థేడీ. పుట్టినప్పటి నుంచీ తాళం తప్పుతూనే ఉన్నవాడు.

అందరికంటే గట్టిగా అరిచింది అట్రాక్టా. "వీల్లేదు! ఆవిడ ఎలా వాయిస్తుందో అలాగే వాయించనివ్వండి!" మొహం ఎర్రబడిపోయింది.

మొస్సీ మాత్రం గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు.

నాకేం బాధ లేదు. ఆయన ఉన్నమాటే అన్నాడు. కానీ వీళ్లంతా నన్నెందుకు మునగచెట్టు ఎక్కిస్తున్నారు? ఆలోచిస్తే ఒకటే తోస్తోంది. నేను అలాగే ఢమాఢమా వాయించాలి, టేపు పాడవాలి, డబ్లిన్ ఆయన ఛీ అనాలి. అప్పుడు నా కుర్చీ తీసేయడానికి అందరికీ ఓ సాకు దొరుకుతుంది. "పాపం నోనీ, మేం ఎంత వెనకేసుకొచ్చామో" అని కూడా చెప్పుకోవచ్చు.

ఆ సాకు నేను ఇవ్వను. మెత్తటి జత కొంటాను.

అక్టోబర్ 13, మంగళవారం

థేడీ భార్య ఇచ్చిన లావెండర్ సబ్బు సొరుగులో దాచుకున్నాను, వాడబుద్ధి కాక. చూస్తే సగానికి కోసి ఉంది.

ఆ సగం మొస్సీ ఫిడేలు పెట్టెలో దొరికింది. గుగ్గిలం ముక్క పెట్టుకునే చిన్న అరలో, రుమాలులో చుట్టి ఉంది. గుగ్గిలం ఎక్కడా లేదు. ఆవిడ గుమ్మం దగ్గర చేతులు కడుక్కుని వాసన కొడుతూ లోపలికి వెళ్తున్నాడన్నమాట. యాభై ఎనిమిదేళ్ల మగాడు!

ఎక్కడిదక్కడే పెట్టేశాను.

అక్టోబర్ 20, మంగళవారం

మొస్సీ రెండు ఆవుల్నీ సంతలో అమ్మేసి వచ్చాడు. నాతో ఒక్క మాట చెప్పలేదు.

"పొద్దున్నే చలికి పాలు పిండలేకపోతున్నా నోనీ."

"నేను పిండేదాన్నిగా?"

"నీకెందుకు శ్రమ."

నా శ్రమ గురించి వాడు ఆలోచించడం ఇదే మొదలు. టీ కూడా సగం కప్పే పోయించుకుంటున్నాడు, పూర్తిగా పోస్తే విసుక్కుంటున్నాడు. ఏ పనీ తోచక పశువుల కొట్టంలో నిలబడ్డాను. ఇంకా పాల వాసన వస్తోంది. ఇల్లు ఖాళీ చేసుకుంటున్నాడు వీడు. పెళ్లికి ముందు మగవాళ్లు చేసే పనే ఇది.

ఇల్లు వాడి పేరు మీదే ఉంది. నాన్న ఇల్లూ ఫిడేలూ వాడికిచ్చాడు. పెద్దదాన్ని నేనే, అయినా ఫిడేలు మగపిల్లాడికే. నాకు సిల్కీ పక్కటెముకలు గీకి, నున్నగా చేసి, "నువ్వు వాడి పక్కన కూర్చో అమ్మడూ, వాడికి నీ తాళం కావాలి" అన్నాడు. అప్పటి నుంచీ పక్కనే కూర్చున్నాను. ఆ వంటింట్లోకి ఇంకో ఆడమనిషి వస్తే ఈ ఇంట్లో నేనెవరిని? ఎక్కడికి వెళ్లాలి? భయంగా ఉంది. రాసుకుంటే భయం తగ్గుతుందంటారు. తగ్గడం లేదు.

అక్టోబర్ 21, బుధవారం

గుడ్లు ఇచ్చే వంకతో ఆవిడింటికి వెళ్లాను. గేటు దాకానే.

లోపలి నుంచి ఫిడేలు వినిపించింది. నాన్న స్లైడ్. చివరి విరుపు, అక్కడ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి జారడం, వంద మంది వాయిస్తున్నా అందులో మావాడిది నేను గుర్తుపడతాను. మా ఇంట్లో వాడు ఆ పెట్టె తెరిచి వారాలైంది. అడిగితే "తీగలు బాగాలేవు" అంటాడు. ఆవిడ వంటింట్లో మాత్రం తీగలు బాగానే ఉన్నాయి.

ఫిడేలు మోగుతుండగానే వాడి మాట కూడా వినపడింది. "తొందరపడకు, తొందరపడకు, అక్కడ ఆగాలి." ఆమె నవ్వింది. ఇంట్లో వాయించేటప్పుడు నేను పేరు పెట్టి పిలిచినా పలకని మనిషి, అక్కడ వాయిస్తూనే కబుర్లు చెబుతున్నాడు.

గుడ్లు తిరిగి తెచ్చేశాను. దారిలో ఒకటి పగిలింది.

అక్టోబర్ 27, మంగళవారం

బస్సెక్కి అబీఫీల్ వెళ్లాను, కాన్ జో దగ్గరికి. ఎముకవీ చెక్కవీ చిడతలు చేసేవాడు ఈ చుట్టుపక్కల వాడొక్కడే. కొట్టంతా చెక్కపొట్టు. నన్ను చూడగానే తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు.

"మెత్తగా మోగే జత కావాలి కాన్ జో."

"నా దగ్గర మెత్తటివి ఉండవు నోనీ. నేను వినపడ్డానికే చేస్తా."

"చూడనీ."

నల్లచెక్కవి తీశాడు. ఒకటి అరచేతికి ఆనించి బిగించి, రెండోది వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని మణికట్టు ఆడించాను. టక టకమని గోడలు పలికాయి. హోలీ అనే ముళ్ల చెట్టు చెక్కవి ఇంకా కటువుగా ఉన్నాయి. గొర్రె ఎముకలవి సన్నగా కీచుమన్నాయి. ఒక్కొక్కటీ పక్కన పెడుతుంటే వాడి మొహం తేటపడుతోంది. "చెప్పాగా, లేవు. పద, టీ తాగుదాం."

అప్పుడు తలుపు వెనక మేకుకి వేలాడుతున్న జత కనిపించింది. తెల్లగా, పలచగా, ఏటి ఒడ్డున పెరిగే విల్లో చెట్టు చెక్కతో చేసింది.

"అవి?"

"అవి... అమ్మేశాను."

"ఎవరికి?"

వాడు చీపురు అందుకున్నాడు. నేనే తీసి పట్టుకున్నాను. చేతిలో బరువే లేవు. ఆడిస్తే గోరుతో బల్ల మీద తట్టినంత చప్పుడు, అంతే. పొడిగా, దగ్గరగా, మన చేతికి మాత్రమే చెబుతున్నట్టు. నాకు తెగ నచ్చేశాయి. సిల్కీ ఎముకలతో వేళ్లు ఎప్పుడూ పోట్లాడుతూనే ఉండేవని నాకు అప్పుడే తెలిసింది.

"ఇవి ఇస్తావా, లేదా మీ ఆవిడ్ని పిలవనా?"

"తీసుకెళ్లు తల్లీ. నేనిచ్చానని మాత్రం డినీతో అనకు."

"డినీకేం సంబంధం?"

నోరు జారాడని వాడికీ తెలిసింది. మెడ దాకా ఎర్రబడ్డాడు. "ఫోన్ చేశాడు. నువ్వొస్తే లేవని చెప్పమన్నాడు. ఎందుకో నన్నడగకు. ఒట్టు, నాకు తెలీదు." ఒట్టు వేసేటప్పుడు నా కళ్లలోకి చూడలేదు.

ఈ కుట్ర పబ్బులోనే అనుకున్నాను. ఇది అబీఫీల్ దాకా పాకిందన్నమాట.

నవంబర్ 1, ఆదివారం

పాత ఎముకలతోనే వాయించాను, చేతనైనంత గట్టిగా. జబ్బేమైనా ఉందేమోనని ఒళ్లు తడిమి చూసుకునేలా మెచ్చుకున్నారు. కొత్త జత ఆప్రన్ జేబులోనే ఉంది. ఎవరికీ చెప్పను.

నవంబర్ 3, మంగళవారం

పొద్దున ఖాళీ కొట్టంలో సాధన చేశాను. మధ్యాహ్నం జతని అలమర మీద పెట్టి బట్టలు ఆరేయడానికి వెళ్లాను. వచ్చేసరికి అక్కడ లేవు.

పొయ్యి పక్కన, కాల్చడానికి పెట్టుకున్న పీట్ మట్టిగడ్డల బుట్టలో, అడుగున దొరికాయి. ఇంకో పూట ఆగితే మండిపోయేవి.

"ఇవి బుట్టలోకి ఎలా వచ్చాయి మొస్సీ?"

"పడ్డాయేమో."

"అలమర నుంచి బుట్టలోకి, గడ్డల కింద దూరి పడ్డాయా?"

వాడు లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. నాకు వీపు తిప్పి, "నీకెందుకే అవి? నాన్న చేసినవి ఉన్నాయిగా. అవే వాయించు" అన్నాడు.

"అవి చచ్చినవాళ్లని లేపుతాయని నువ్వే అనేవాడివి."

"ఇప్పుడు బావుంటున్నాయి."

"ఎప్పట్నుంచి?"

"ఈ మధ్య."

వీపు అలాగే ఉంది. చెయ్యి జేబులో ఉంది. అక్కడికక్కడే అడిగేద్దామనుకున్నాను, "ఆమెని ఎప్పుడు తెస్తున్నావు, నన్నెప్పుడు పంపేస్తున్నావు" అని. నోటిదాకా వచ్చింది. అడిగితే నిజమైపోతుందని ఆగిపోయాను. అన్నం కూడా పెట్టలేదు వాడికి. రాత్రికి పెట్టాను.

నవంబర్ 8, ఆదివారం

మేళం అయ్యాక అట్రాక్టా నా చేతిలో మూత కట్టిన గిన్నె పెట్టింది. లోపల ఎండుద్రాక్ష వేసి కాల్చిన స్కోన్లు, చిన్న రొట్టెలు.

"నోనీగారూ, మీరు లేకపోతే ఈ మేళం నడవదండీ. నిజంగా చెబుతున్నాను. మీరు ఎప్పటిలాగే వాయించండి. ఆ డబ్లిన్ ఆయన మాట పట్టించుకోకండి."

"మీ స్కోన్లలో వంటసోడా ఎక్కువైనట్టుందండీ" అన్నాను, తినకుండానే.

ఆవిడ కళ్లు తడిసినట్టనిపించింది. నటన కూడా బాగానే వచ్చు.

(సోడా ఎక్కువే అయింది.)

నవంబర్ 15, ఆదివారం

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. మొస్సీ రాత్రి పక్కగదిలో మెలకువగానే ఉన్నాడు. నేనూ.

నవంబర్ 22, ఆదివారం

అంతా రాయాలి. వరసగా రాయాలి.

ఫియాక్రా మధ్యాహ్నమే వచ్చి మైకు నిలబెట్టాడు. మొస్సీకీ అట్రాక్టాకీ మధ్య కాస్త ముందుగా పెట్టి, తాను వినే యంత్రం చెవులకి తగిలించుకుని కూర్చున్నాడు. నేను సంచిలోంచి తెల్ల జత తీశాను. "చాలా సంతోషం అమ్మా" అన్నాడు ఆయన. డినీ చేతిలో గ్లాసు నురుగు పొంగి బల్ల మీద పడింది. థేడీ నా వైపు చూసి తల అడ్డంగా ఆడించాడు. నేను గెలిచానని మురిసిపోయాను. ఇప్పుడు నా కుర్చీ తీయండి చూద్దాం అనుకున్నాను.

వరస మొదలైంది. నాన్న స్లైడ్. నేను మెల్లగా, గోరు తట్టినంత చప్పుడుతో కలిశాను. ఇన్నేళ్లలో మొదటిసారి నా పక్కన కూర్చున్న మనిషి నాకు వినపడాలి. వినపడలేదు.

ఫిడేలు మోగుతోంది. విరుపు కూడా నాన్నదే. కానీ చప్పుడు వస్తున్నది వాడికి అవతల నుంచి. నా చెవికి జానెడు దూరంలో వాడి కమాను పైకీ కిందికీ పోతోంది, మోచెయ్యి ఆడుతోంది, ఆ తీగల మీంచి ఏమీ రావడం లేదు. మొదట నా చెవులే పోయాయనుకున్నాను. కొంచెం వాడి వైపు వంగాను. లావెండర్ వాసన వేసింది.

వాడు సబ్బు చేతులకి రాసుకోలేదు. కమానుకి రాశాడు. సబ్బు పట్టించిన కమాను ఎలా లాగినా పలకదు, వణికినా పలకదు. కమాను పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. చిన్నగా, ఆగకుండా. నెలల తరబడి జేబులో దాచింది దాన్నే.

వాయిస్తున్నది అట్రాక్టా. నాన్న విరుపుని అచ్చం వాడిలాగే వాయిస్తోంది. ఆ బుధవారం గేటు దగ్గర నేను విన్నదీ ఆవిడనే, "అక్కడ ఆగాలి" అని వాడు చెబుతున్నదీ ఆవిడకే. ఇక ఆవుల సంగతీ సగం కప్పు టీ సంగతీ నాకెవరూ చెప్పనక్కర్లేదు. పబ్బంతటికీ తెలుసు. మొస్సీ ఆ కుర్చీ వదిలితే ఇంట్లో గోడ చూస్తూ కూర్చుంటాడని తెలిసి, అందరూ కలిసి వాడిని అక్కడ కూర్చోబెట్టారు. నా చిడతల హోరు వెనక వాడిని దాచారు. అందుకే ఆ దిండు, అందుకే ఆ మెచ్చుకోళ్లు. నా హోరు లేకపోతే, ఏ ఫిడేలు పలుకుతోందో, ఏది పలకడం లేదో, కాస్త చెవున్న ఎవడికైనా తెలిసిపోతుంది.

ఫియాక్రాకి చెవుంది. కనుబొమలు ముడిచాడు. ముక్కు కూడా ఎగబీల్చాడు. లేచి, చప్పుడు కాకుండా మైకుని మొస్సీ తీగల దగ్గరికి జరపడం మొదలుపెట్టాడు.

మొస్సీ ఆయన వైపు చూడలేదు. నా వైపు చూశాడు. చిన్నప్పుడు అమ్మ దీపం పగలగొట్టి, ఆ ముక్కలు వెనక దాచుకుని నా వైపు చూసిన చూపే అది. వాడు దాచుకున్నది డబ్లిన్ నుంచీ కాదు, ఊరి నుంచీ కాదు. నా నుంచే. నాన్న వాడికే ఫిడేలిచ్చాడు కదా, నాకివ్వలేదు కదా. ఆ చెయ్యి పోయిందని నాతో ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. రెంటికీ టైము లేదు.

తెల్ల జత ఒళ్లో పడేశాను. సంచిలోంచి సిల్కీ ఎముకలు లాగి, వరస మధ్యలోనే అందుకున్నాను. దేవుడా, అలా ఎప్పుడూ వాయించలేదు. ఫియాక్రా కెవ్వుమని చెవుల మీది యంత్రం పీకేశాడు.

"అమ్మా! దయచేసి! ఆ మెత్తటివి..."

"అవి నాకు పడలేదయ్యా. చేతికి దురద పుట్టింది."

"మెషీన్ మీద చప్పుడు కొలిచే ముల్లు పూర్తిగా ఎర్రగీత దాటిపోతోందమ్మా!"

"పోనీ. తిరిగొస్తుంది."

"ఒక్క వరస! ఒక్కటంటే ఒక్కటి మీరు ఆగితే..."

"మా నాన్న నన్ను వీడి పక్కన కూర్చోమన్నాడు. ఆగమని చెప్పలేదు."

అప్పుడు డినీ, బల్ల వెనక నుంచి, "నీకు ముందే చెప్పాల్సింది బాబూ, ఆ కోళ్లగూడు తలుపు ఊడిందంటే ఇక బిగుసుకోదు" అన్నాడు. థేడీ టోపీ నా వైపు చెవి మీదికి లాక్కుని, "గాడిద కూడా పారిపోయింది!" అని అరిచాడు. పబ్బంతా నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

చీకటి పడకముందే ఫియాక్రా మెషీన్ సర్దుకున్నాడు. మర్యాదస్తుడు, నాకూ చెయ్యి ఇచ్చాడు. పాపం, మంచి ఉద్దేశంతోనే వచ్చాడు. డబ్లిన్‌లో నన్ను గురించి ఏం చెప్పుకుంటారో నాకు తెలుసు. చెప్పుకోనీ.

బల్ల కింద నుంచి అట్రాక్టా చెయ్యి వచ్చి నా మోకాలు నొక్కింది. తీసేయలేదు.

ఇంటికి నడిచి వచ్చాం, నేనూ మొస్సీ. 

"కొత్త జత బావుందేమో కదా" అన్నాడు.

"చప్పుడే లేదు. దండగ."

కొంచెం దూరం నడిచాక, "నాన్నవే మేలు" అన్నాడు.

"నీకిప్పుడు తెలిసిందా?"

గేటు దగ్గర వాడు ఆగాడు. జేబులోంచి కుడిచెయ్యి తీసి గొళ్లెం మీద పెట్టాడు. చెయ్యి వణికింది. దాచలేదు. గొళ్లెం ఇనుము మీద టకటకమంటోంది. నేను అందుకుని తీయలేదు. తీయడం ఎంత సులువో, అయినా తీయలేదు. వాడికి అయ్యేదాకా పక్కన నిలబడ్డాను. తెరిచాడు. లోపలికి వెళ్లి టీ పెట్టాను, సగం కప్పు పోశాను.

నవంబర్ 25, బుధవారం

అట్రాక్టాని బుధవారాలు ఇక్కడికే రమ్మన్నాను. దారి బురదగా ఉందని వంక చెప్పాను. వచ్చింది, మళ్లీ స్కోన్లతోనే.

ఆవిడ వాయించింది. మొస్సీ పొయ్యి పక్కన కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, "అక్కడ జారకు, ఇంకా ఆగు" అని సరిచేశాడు. ఫిడేలుకీ వాడి మాటకీ అడ్డం రాకుండా నేను తెల్ల జతతో తాళం వేశాను. మా వంటింటికి అవే సరిపోయాయి. విరుపు కుదిరినప్పుడు ముగ్గురం ఒకేసారి ఊపిరి వదిలాం. 

"సోడా తగ్గించానండీ" అంది వెళ్తూ.

"ఇంకా ఎక్కువే ఉందండీ. వచ్చే వారం నేను చేస్తాను, చూద్దురుగాని" అన్నాను.

వీళ్లిద్దరి మధ్యా ఏమీ లేదని నేను ఇంకా పూర్తిగా నమ్మడం లేదు. ఉంటే ఉండనీ. వంటిల్లు పెద్దదే.

నవంబర్ 28, శనివారం

లావెండర్ సబ్బు తీసేసి, బట్టల సబ్బు చిన్న ముక్క కోసి, అదే రుమాలులో చుట్టి ఫిడేలు పెట్టెలో పెట్టాను. దానికి ఎవరి ముక్కుకీ అందేంత వాసన ఉండదు.

మొస్సీ నల్ల ప్యాంటు ఇస్త్రీ చేశాను. రేపు ఆదివారం. పాత గుగ్గిలం ముక్క సొరుగు మూలలో దొరికింది. కత్తితో కాస్త గీకి, ఆ పొడి మోకాళ్ల మీద చల్లాను.